ఇంజను దించనీయొద్దు నాయనా

పుంగనూరు.
నాయనా, నేను బాగుండాను. ఫోనులో నా గొంతు వింటే కట్ చేస్తావు, కార్డును కట్ చేయలేవు గదా!

మదనపల్లె షెడ్డులో పని పోయింది. ఈడ పంక్చర్ల అంగట్లో చేరినాను. జరిగిందేమంటే, కురబలకోట రైతు ఒకాయన పాత కారు తెచ్చినాడు, కింద ఆయిలు కారతాండాదని. మా ఓనరు సరిగ్గా చూడకుండానే "ఇంజను దించాల" అనేసినాడు. నేను ఇంజను కడిగి, బాగా ఆరినాక మొహానికి పూసే పౌడరు చల్లి, కారు ఒక రౌండు తిప్పుకొచ్చినాను. ఇంజను పైమూత కింద వేసే ప్యాకింగు కాడ పౌడరు తడిసిపోయింది. ఆడ కారే ఆయిలే వెనకనుంచి కిందికి దిగతాండాది. ప్యాకింగు మారిస్తే తీరేదానికి ఇంజను దించడం కష్టజీవిని దోచుకోవడమేనని ఓనరు మొహానే అన్నాను. ఆ రైతేమన్నాడో తెలుసా? "పెద్దాయన చెప్తాండాడు గదా, నువ్వు గమ్మునుండప్పా!" ఎవరి కోసం కొట్లాడినానో ఆయనే అట్లన్నాక, ఓనరు నన్ను పొమ్మన్నాడు.

మన వ్యానుకూ అదే రోగమని శాంతిపురమోళ్లు చెప్పినారు. దిష్టని నిమ్మకాయలు కట్టినావంట. కుప్పం మెకానిక్కు ఇంజను దించాలన్నాడంట. దించితే వ్యాను షెడ్డులోనే పడుంటాది, స్కూలు పిల్లోళ్ల బాడుగ ఇంకొకడికి పోతాది. ముందు అమ్మ పౌడరు డబ్బా తీసుకొని నేను చేసినట్లే చెయ్యి. అన్నిటికంటే పైన యాడ తడిస్తే, కారేది ఆడే.

అమ్మ మోకాలు ఎట్లుండాది? మనిద్దరికీ గొడవ పెట్టిన నా సంఘం కరపత్రాల మూట పొయ్యిలో పెట్టొద్దని చెప్పు. ఆమెకు నా దండాలు.

ఆ రైతు మాదిరి నువ్వూ నన్ను నమ్మొద్దులే. పౌడరునన్నా నమ్ము.

నీ కొడుకు
మునిశేఖర్