ఏడ రాసుందో చూపియ్యి బాపూ

బిడ్డా సరితా,

మీ బాపు రాస్తున్నాను. జ్వరమని దవాఖానకు పోయినదానివి తిరిగి రాక ఎనిమిది నెలలైంది. ఎట్లా ఉన్నావని అడగాలి ముందు... ఏ నోటితో అడగను? పోయినవాళ్లకు ఆ పైలోకంలో ఎట్లా ఉంటుందో ముప్పై ఏళ్లుగా గుడిలో మైకు పట్టుకుని ఊరందరికీ చెప్పినవాణ్ణి. నిన్ను పంపించిన రోజు తెలిసింది, నాకేమీ తెలియదని.

పిల్లల సంగతి చెప్తాను. నువ్వు అడిగేదీ అదే కదా.

హన్సికకు ఆరు నిండాయి. లక్కీగాడికి వచ్చే నెల నాలుగు. అల్లుడు ఇంకా ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించే పనిలోనే ఉన్నాడు, రాత్రి డ్యూటీ. పొద్దున వచ్చి పడుకుంటాడు. ఉన్నది ఒక్క గది. ఆయన పడుకోవాలంటే పిల్లలు అందులో ఉండకూడదు. బడి ఉన్న రోజు ఎట్లాగో గడుస్తుంది. సెలవులొస్తే? టిఫిను తినగానే చెరో చెయ్యి పట్టుకుని బయటపడతాను. రోడ్డు మీదికొచ్చి నిలబడతాను. ఎటు పోవాలి?

నువ్వెట్లా వెతికేదానివమ్మా...

"పైసలెందుకు బాపూ, జర కండ్లు తెరిస్తె చాలు" అనేదానివి. ఎయిర్‌పోర్టు గోడకు ఇవతల ఆ పెద్ద బండ ఉండేది చూడు, దాని మీద పిల్లలను కూర్చోబెట్టి, చున్నీలో మరమరాలు పోసుకుని, "అగో, దిగుతుంది! చేతులూపుండ్రి, డ్రైవర్ మనల్నే చూస్తుండు!" అని వాళ్లకంటే ముందు నువ్వే లేచి ఊపేదానివి. ఇంకోరోజు మహేశ్వరం బస్సెక్కి చివరి స్టాపు దాకా పోయి, దిగకుండా అదే బస్సులో తిరిగొచ్చేవారు. దానికి "సర్కారు టూరు" అని పేరు పెట్టావు. రావిర్యాల దారిలో మొక్కల నర్సరీ ఆయనను బతిమాలి పిల్లల మీద పైపుతో నీళ్లు కొట్టించేదానివి. తడిసిన పిల్లలను చూసి నేను కళ్లెర్రజేస్తే, "మొక్కలకు పోస్తె పుణ్యం, పిల్లలకు పోస్తె పాపమా? మంచిగున్నదే నీ లెక్క!" అని నవ్వేదానివి.

నీ అడుగుల వెంటే పోయాను. బండ లేదు. పగలగొట్టి, చుట్టూ ఇనుప గేటు పెట్టి, వెంచర్ బోర్డు నాటారు. నర్సరీలో మనిషి మారాడు. కొత్తాయన పిల్లలను చూడగానే నీళ్లు కట్టేశాడు. బస్సెక్కించాను. ప్రతి స్టాపులో ఎక్కే ఆడవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూశాడు లక్కీగాడు. చివరి స్టాపు వచ్చేసరికి వాడి కింది పెదవి వణికింది. మళ్లీ ఆ బస్సెక్కలేదు.

మిగిలింది శనివారం భజన.

నీకు తెలుసు కదా మన కట్టుబాటు. ఇంట్లో చావు జరిగితే ఆ ఇంటివాళ్లు ఏడాది దాకా గుడి గడప తొక్కకూడదు, జాతరకు పోకూడదు. నువ్వు ఇంకో ఇంటికి ఇచ్చిన బిడ్డవు కాబట్టి నా మైల తొందరగానే తీరింది. పిల్లలది తీరలేదు. అందుకని ఏం చేశానో తెలుసా? నేను లోపలికి పోయి ప్రవచనం చెప్పేవాణ్ణి. నీ పిల్లలను బయట చెప్పుల దగ్గర కూర్చోబెట్టేవాణ్ణి. లోపల పిల్లలు మండపంలో ఉరుకుతుంటే వీళ్లిద్దరూ గోడకానుకుని చూసేవాళ్లు. హన్సిక వచ్చినవాళ్ల చెప్పులన్నీ జతలు జతలుగా పేర్చేది. అదే ఆట. అందరూ బంగారు తల్లి అని మెచ్చుకుంటుంటే నేనూ మురిసిపోయాను, బిడ్డా. మురిసిపోయాను!

పోయిన వారం జాతర మొదలైంది. రంగులరాట్నం వచ్చింది. ఈసారి ఎక్కిస్తానని నువ్వు మాటిచ్చావట కదా... హన్సిక చెప్పింది. నేను వద్దన్నాను. ఒక్కసారి కాదు, అడిగినన్నిసార్లు వద్దన్నాను. ఆ శనివారం డప్పులు మోగుతున్నాయి. లక్కీగాడు చెప్పుల దగ్గర్నుంచి లేచి, గడప దాటి, నవ్వుకుంటూ నా దగ్గరికి ఉరికొచ్చాడు. నేను మాట్లాడుతున్నది పాపం గురించి. చేతిలో మైకు ఉంది. ఆ మైకులోనే వాడి మీద అరిచాను. నాలుగు వీధులకు వినపడింది. వాడు అక్కడే నిక్కరు తడుపుకున్నాడు.

రెండేళ్ల కింద యాదమ్మను అన్నదీ ఆ మైకులోనే. గుర్తుందా? కొడుకు చనిపోయిన ఏడాదిలోనే మనవరాలిని రంగులరాట్నం ఎక్కించిందని, అంతమందిలో పేరు పెట్టి పిలిచి, నిప్పులు కురిపించాను. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని లేచిపోయింది. ఆ రోజు ఇంట్లో అన్నం పళ్లెం నా ముందు దబ్బున పెట్టి అడిగావు. "ఏడాది దాక పిల్లలు ఆడొద్దని నీ గ్రంథంల ఏడ రాసుందో చూపియ్యి బాపూ. చూపిస్తివా, ఇగ నేను గూడ నవ్వ." నేను అన్నం వదిలేసి లేచాను. "గంతే, మైకు లేకుంటె మా బాపుకు మాట రాదు" అన్నావు వెనక నుంచి.



అరిచిన మర్నాడు లక్కీగాడు కనపడలేదు. రంగులరాట్నం పాటలు ఎటు వినపడితే అటు ఒక్కడే నడిచిపోయాడు. ఊరంతా వెతికాను. ఏ మడుగులో ఉన్నాడో, ఏ లారీ కింద ఉన్నాడో... నోటికొచ్చిన దేవుడి పేరు ఒక్కటీ లేదు, నీ పేరే వచ్చింది. మధ్యాహ్నానికి పెద్దరోడ్డు పక్క నుంచి ఒకామె వాణ్ణి ఎత్తుకొచ్చి నా చేతిలో పెట్టింది. యాదమ్మ. వాడి చెంపలు కొంగుతో తుడిచి వెళ్లిపోయింది. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

నిద్రలేచి విన్న అల్లుడు కూడా అరవలేదు. గోడకు తల ఆనించుకుని, ఇక పిల్లలను ఇట్లా సాకడం తన వల్ల కాదని మాత్రం అన్నాడు. తప్పేముంది? బడంగ్‌పేట్‌లో వాళ్లక్క ఉంది కదా, వాళ్ల కాలనీలో పార్కుందట, జారుడుబల్ల ఉందట. కానీ ఇద్దరిని చూసే ఓపిక లేదని, లక్కీగాడిని మాత్రం రమ్మంది. హన్సికను హాస్టల్‌లో వేస్తున్నారు. సోమవారం పోతారు. ఇద్దరూ రెండు దిక్కులకు...

ఆ రోజే గ్రంథం తెరిచాను. మొదటి పేజీ నుంచి. గొడ్లు కాస్తూ అక్షరాలు కూడబలుక్కుని ఒంటరిగా నేర్చుకున్న చదువు కదా నాది. చదివినదేదో, పెద్దలు అంటే విన్నదేదో ఎప్పుడు కలిసిపోయాయో తెలియలేదు. వేలు పెట్టి వరుస వరుస వెతికాను. చివరి అట్ట దాకా వెతికాను.

లేదు బిడ్డా. ఎక్కడా రాసిలేదు.

నిన్న ఇద్దరినీ తీసుకుని జాతరకు పోయాను. ఎవరు చూస్తే చూడనీ అని నడిబజారులోంచే పోయాను. జాతర అయిపోయింది. రాట్నం విప్పేసి, పిల్లలు కూర్చునే తొట్లు లారీకెక్కిస్తున్నారు. కింద ఇంకా మిగిలిన ఒక ఎర్ర తొట్టిలో కూర్చోమన్నాను. కూర్చున్నారు. నేను రెండు చేతులతో పట్టి ఊపాను. లక్కీగాడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. చాలు తాతా, వాళ్లు తీసుకుపోవాలంట అని హన్సికే తమ్ముణ్ణి దింపింది. తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ నా వేళ్లు పట్టుకుని నడిచారు. ఒక్కసారి కూడా ఉరకలేదు. కుదురుగా ఉండండర్రా అని ఎనిమిది నెలలు మొత్తుకున్నాను. ఉన్నారు. ఇప్పుడు ఎవరిని అడగాలి, ఆ కోతులను నాకు తిరిగివ్వమని?

వచ్చే శనివారం యాదమ్మ ఇంటికి పోయి రమ్మని పిలుస్తాను. వస్తుందో రాదో. రాకపోయినా, ఆమెను తిట్టిన మైకులోనే పేరు పెట్టి క్షమించమని అడుగుతాను. ఎక్కడా రాసిలేదని చెప్తాను. ఆ తర్వాత చెప్పుల దగ్గర కూర్చుంటాను. నీకిచ్చే మాట ఇదొక్కటే. దీనితో పిల్లలు తిరిగొస్తారా? రారు. సోమవారం ముందు వస్తుంది, శనివారం ఆ తర్వాతే.

ఇది ఇంటి గడప మీద కూర్చుని రాస్తున్నాను. పక్కన ఇద్దరూ గోడకానుకుని ఉన్నారు. ఇప్పుడే మా నెత్తి మీదుగా విమానం ఒకటి కిందికి దిగింది. ఇద్దరూ తలెత్తలేదు.

నేనే చెయ్యి ఊపాను.

నీ బాపు