తాళం కన్నం లేని రివాల్వర్
ఆదివారం, అక్టోబర్

మా ఆయన రివాల్వర్లు సేకరిస్తారు. పెద్ద తూటా పట్టి కూడా చేతికి తేలిగ్గా ఉండే రకం మాత్రమే. ఇప్పుడు ఇంట్లో మిగిలింది ఒక్కటే. ఇవాళ మధ్యాహ్నం సుధాకర్ అన్నయ్య తను కొత్తగా కొన్నది తెచ్చి, మాదాని పక్కనే డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. నా కంటికి రెండూ ఒకటే.

"చూడమ్మా, నాదానికి పక్కన చిన్న కన్నం ఉందా? తాళంచెవి పెట్టి తిప్పితే లాక్ అయిపోతుంది. ఇది లేటర్ మోడల్. బావది కన్నం లేని ఫస్ట్ వెర్షన్, చాలా రేర్. దీనికసలు లాకే ఉండదు. లక్కీ ఫెలో!"

ఆయన నా వైపు చూడలేదు. టీ చల్లారిపోతోందన్నారు.

ఆయనకు లేఆఫ్ అయిన వారం ఆ అరుపులకు భయపడి, రివాల్వర్‌ని లాక్ చేసి తాళంచెవి నాకివ్వమని అడిగాను. అప్పుడే ఓ తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టారు. దాన్ని నల్లపూసల గొలుసుకు పిన్నీసుతో తగిలించుకుని, ఆర్నెల్లుగా నిశ్చింతగా నిద్రపోతున్నాను.

ఇది దేని తాళంచెవో మరి.

ఈ ఆర్నెల్లలో ఆయన ఒక్కసారి కూడా దీన్ని అడగలేదు. మనిషి మారాడనుకుని సంతోషించాను.