నీ నోటుబుక్కు అంచున రాసుకున్న మాట

నాయనా, నువ్వు పోయి నేటికి ఏడాది. నీ తరవాత మన వ్యాసర్పాడి చర్చికొచ్చిన పాస్టరు నీ ప్రసంగాల నోటుబుక్కు అడిగితే, బుద్ధి తక్కువై ఇచ్చినా.

నువ్వు ఒక్క వాక్యం కోసం వారమంతా ఆదిసంఘ పెద్దల రాతలు తిరగేసేవాడివి. ఈయనకు బైబిలు చంకలో అలంకారం. ఈ పొద్దు ఆరాధనలో, యేసును ఎరగనని బొంకి పేతురు ఏడ్చిన చోటు గురించి నువ్వు రాసింది గడగడా చదివేసినాడు. అంచున నీకోసం రాసుకున్నదీ వదల్లేదు: "ఈడ నాకు గొంతు పూడుకుపోతాది. ఆగి నీళ్లు తాగాల."

ఆగలేదు, తాగలేదు. పేజీ తిప్పినాడు. జనం ఆమెన్ అన్నారు.

బయట నన్ను చూసి, "మెసేజ్ ఎట్లుండాది సిస్టర్?" అన్నాడు.

"నీళ్లు తాగడం మరిచిపోయినారు పాస్టర్."

"పరవాలేదు సిస్టర్, నాకు దాహమే కాలేదు."