తొందరపాటుపై తక్షణ పోరాటం

మార్చి 19, బుధవారం, ఉదయం 6.10
ఆత్మవిమర్శ: వాగు మీద కల్వర్టు కోసం గూడెమంతా వేలిముద్రలు వేసిన అర్జీని, ఆఫీసరు "రేపు రా" అన్నందుకు ఆయన ముందే చింపేసింది నేనే.
పెద్దమనిషి పగిడయ్య తాత మళ్లీ ఎనభై రెండు ముద్రలు వేయించాడు. సోమవారం ఇవ్వాలి. వానల్లోపు పని కాకపోతే పిల్లలకు బడి బందే.
"నువ్వే పో. గని కోపం ఇంట్ల పెట్టి పో," అన్నాడు తాత.
అంగన్‌వాడీ టీచర్ శ్యామలక్క ఒక ఇంగ్లీషు మాట నేర్పింది. ఇంపెచ్యుయస్. అంటే ముందూ వెనకా చూడకుండా దూకేవాడు. "ఏం చేసేటప్పుడైనా ముందుగాల ఈ మాట పదిసార్లు అనుకో తమ్మీ."
6.14: మాట నోటికి వచ్చేసింది! నాలుగే నిమిషాలు!

మార్చి 20
ఒక్కడు మారితే చాలదు. తొందరపాటు వ్యతిరేక పోరాట సమితి తక్షణమే ఏర్పాటు. అధ్యక్షుడు: నేను. సభ్యులు: త్వరలో.
గోడరాత: తొందరపాటు మూడు రోజుల్లో నశించాలి!
గోడకేసిన సున్నం ఇంకా ఆరలేదట. అక్షరాలు కారిపోయాయి.

మార్చి 22, ఉదయం 5.30
ఓర్పు సాధన. పక్కింటి ముత్తక్కతో ఇప్పపువ్వు ఏరడానికి వెళ్లాను. టప్, ఒక పువ్వు రాలింది. చాలాసేపటికి మళ్లీ టప్.
5.50: ఈ చెట్టుకు చైతన్యం లేదు.
5.52: ఎక్కి ఊపాను. మాట రెండుసార్లు అనుకున్నాను. మిగతా ఎనిమిదీ కొమ్మ మీద అనుకుందామని.
"ఓరి నీ ఊపుడు పాడుగాను! మొగ్గలన్నీ రాల్చినవ్ గదరా! పువ్వు దానంతటదే రాలాలె. రేపు నేనేం ఏరుకోవాలె, నీ నినాదాలా?"
తప్పు నాది కాదు. కొమ్మ బలహీనం.

మార్చి 24, సోమవారం, 11.00
"కూర్చో బాబూ, చదివి సంతకం పెడతా," అన్నాడు ఆఫీసరు. విజయం!
11.20: ఇంకా చదువుతున్నాడు. ఒక్కో వేలిముద్రా చూస్తున్నాడు!
11.31: పదిసార్లు అనుకున్నాను.
11.38: ముప్ఫైసార్లు.
11.40: ఫోనొచ్చి బయటికెళ్లాడు. పెన్ను బల్ల మీదే ఉంది.
11.41: ఆయన చోట నేనే సంతకం పెట్టేశాను. ప్రజలే అసలు అధికారులని మా సమితి కరపత్రంలోనే ఉంది.
11.43: అర్జీ రద్దు. "పోలీసులను పిలవనందుకు సంతోషించు. కొత్తది తీసుకురా."

మార్చి 25, ఉదయం 7.00
తాత లేవకముందే ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాను.
9.15: ఎనభై రెండూ పూర్తి! రికార్డు!
9.20: శ్యామలక్క కాగితం తిప్పి తిప్పి చూసింది.
"ముద్రలు మంచిగున్నయ్ తమ్మీ. అర్జీ ఏది?"
రాయలేదు. రాయడానికి జాగా కూడా లేదు. పై అంచు నుంచి కింది అంచు దాకా బొటనవేళ్లే.
పగిడయ్య తాత నవ్వలేదు. "వానలు పడ్డంక పిల్లలను వాగు దాటిచ్చుడు నీ పనే. ఇద్దరిద్దరిని భుజాల మీద ఎక్కించుకో."
9.31: మళ్లీ మొదటి రోజు. ముందు అర్జీ, తర్వాతే ముద్రలు. అంతా నిదానంగా. పది గంటల్లోపు అయిపోవాలి!