ఉలవ తీగల మీద కారు తోలింది నేనే

నా అక్షరాలు వంకరగా ఉంటాయి, ఒత్తులు తప్పుతాయి. నాలుగో తరగతితో బడి మానినదాన్ని. చదివేవారు మన్నించాలి.

ధర్మవరంలో ఉండే వెంకటేశులు భార్య యశోదమ్మ, వయసు ఇరవై ఆరు, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరూ చెప్పకుండా, ఎవరూ బలవంతపెట్టకుండా తన చేత్తో రాసుకున్న వీలునామా ఇది. వచ్చే గురువారం అనంతపురం ఆసుపత్రిలో నాకు కడుపు ఆపరేషన్. కాగితం మీద సంతకం పెట్టించుకుంటూ డాక్టరమ్మ, "భయపడాకమ్మా, అందరితోనూ పెట్టిచ్చేదే" అంది. నాకు భయం కంటే సిగ్గు ఎక్కువగా ఉంది. అందుకే రాస్తున్నాను.

దీన్ని అమలు జరిపే బాధ్యత మా అన్న తిమ్మన్నది. అన్నా, ఇందులో నీకు నచ్చని మాటలున్నాయి. అయినా కడదాకా చదువు.

1. నా ముక్కుపుడక, వెండి కాళ్ళ గొలుసులు నా కూతురు చౌడేశ్వరికి చెందాలి. దానికిప్పుడు ఆరేళ్ళు. పెద్దదయ్యేదాకా అవి మా అత్త ఓబమ్మ దగ్గర ఉండాలి. నా మగ్గం కూడా అత్తకే. కూరలో ఉప్పు ఎక్కువైతే ఆమె వీధి వీధంతా చెప్తుంది. నాకు జ్వరమొస్తే మాత్రం ఎవరికీ చెప్పకుండా నా వంతు నేత తనే నేస్తుంది.

2. నేను నేసిన ఆకుపచ్చ పట్టుచీర మా అక్క నాగలక్ష్మమ్మకు. అంచులో ఒకచోట పోగు తప్పింది. "పోగు తప్పిన చీర నాకేల?" అంటుంది. కట్టుకుంటుంది.

3. నా రెండు మేకలు, వాటికి పుట్టబోయే పిల్లలతో సహా, బత్తలపల్లె దారిలో ఉండే మారెమ్మకు సర్వహక్కులతో చెందాలి. ఆమె మనకు చుట్టం కాదు. ఆమెకెందుకో కింద రాస్తాను.

4. ఈ అంశం ఆస్తి గురించి కాదు. నా భర్త పేరు గురించి.

ఆయన పట్టుచీరల వ్యాపారి రామదాసు గారి దగ్గర పదేళ్ళు డ్రైవరు. రామదాసు గారు బెంగుళూరు నుంచి ఒక పరదేశం కారు తెప్పించారు. పసుపుపచ్చది, ఇద్దరే పట్టేది, నేలను రాసుకుంటూ పోయేది. కొన్నారే గాని అది ఉరికితే ఆయనకు కళ్ళు తిరిగేవి. వారానికోసారి గట్టిగా తోలకపోతే ప్లగ్గులకు మసి పడుతుందని, ప్రతి శుక్రవారం ఆ పని నా భర్తకు అప్పగించారు.

నన్నూ తీసుకుపొమ్మని అడిగింది నేనే. తోలడం నేర్పమని వెంటపడిందీ నేనే. ఆయన వద్దు వద్దంటూనే నాలుగు శుక్రవారాలు ఎండిన చెరువులో నేర్పాడు. మగ్గం గుంతలో కాళ్ళతో ఒక పని, చేతులతో ఒక పని చేసి అలవాటైనదాన్ని కాబట్టి క్లచ్చి త్వరగా పట్టుబడింది. "మీటరు చూడాకు, ఇంజను గొంతు విను. అది అడిగినప్పుడు గేరు మార్చు" అనేవాడు. అయిదో శుక్రవారం బత్తలపల్లె రోడ్డెక్కించాడు. మూడో గేరులో ఇంజను గొంతు పైకెక్కి ఇక ఆగలేనన్నప్పుడు, క్లచ్చి తొక్కి గేరు కడ్డీని నాలుగులోకి లాగాను. ఒక్క కుదుపు లేదు. చింతచెట్లు వెనక్కి పరిగెత్తాయి. పైట ఎగిరినా సర్దుకోలేదు. అంత సంతోషం నాకు అంతకుముందూ లేదు, తర్వాతా లేదు. ఇలా రాయడానికి సిగ్గుగా ఉంది గాని అబద్ధం రాయలేను.

టీ అంగడి దగ్గర ఆపించి, "బండి కదిలిచ్చొద్దు, ఇంజనుకు నీళ్ళు తెస్తా" అని ఆయన దిగిపోయాడు. ముందర మారెమ్మ రోడ్డు మీద ఉలవ తీగలు పరచి కూర్చుంది. మా వైపు అది మామూలే. బస్సులూ లారీలూ తొక్కిపోతే గింజ రాలుతుంది. తొక్కకుండా పక్కకు తిప్పుకుపోయే డ్రైవరును తిడతారు. చిన్నప్పుడు మా అవ్వ పక్కన కూర్చుని నేనూ తిట్టాను.

"ఓ దొరసానీ, పొద్దున్నుంచీ ఒక్క బస్సన్నా రాలే. రోంత తొక్కిచ్చి పో తల్లీ" అంది మారెమ్మ.

నన్ను దొరసానీ అన్నది ఆమె ఒక్కతే. తొక్కించాను. "ఆడది తోలుతాండాది చూడండ్రా! ఇంగోసారి తిప్పమ్మా" అంది. వెనక్కీ ముందుకూ నాలుగుసార్లు తిప్పాను. బస్సు పొట్ట ఎత్తులో ఉంటుంది, ఈ కారు పొట్ట నేలకు ఆనుకున్నట్టుంటుంది. గట్టిగా తోలుకొచ్చినందువల్ల కింద పొగగొట్టం నిప్పులా ఉంది. తీగలు దానికి చుట్టుకున్నాయి. నా భర్త చేతులూపుతూ పరిగెత్తుకొస్తుంటే, నా తోలకం చూసి మురిసిపోతున్నాడనుకున్నాను. పొగ వాసన వచ్చాక దిగాను. కారు కాలింది. మారెమ్మ ఏడాది పంటా కాలింది.

ఆయన మొదట, కాలాయేమోనని నా చేతులు తిప్పి చూశాడు. తర్వాత, "నువ్వు ఈడ లేవు. తోలింది నేనే. ఇంగోమాట ఎత్తొద్దు" అని నన్ను వచ్చిన బస్సెక్కించాడు.

5. "పదేళ్ళు నమ్మితి గదరా! పసిపిల్లోడు గూడా చేయడే ఈ పని!" అని రామదాసు గారు ఆయన్ను పనిలోనుంచి తీసేశారు. తర్వాత ఊళ్ళో ఎవరూ బండి ఇవ్వలేదు. మూడేళ్ళు కావస్తోంది, ఆయన మిల్లులో శనక్కాయ మూటలు మోస్తున్నాడు. లైసెన్సు ట్రంకుపెట్టె అడుగున ఉంది. చెప్పేస్తానని నేనన్నప్పుడల్లా, "నన్నంటే పడతా. నిన్ననేది వినలేను" అంటాడు. నేను అక్కడితో ఊరుకుంటాను. ఊరుకోవడం నాకు సుఖంగా కూడా ఉండేది. అదే నా పెద్ద తప్పు.

మారెమ్మ కూడా బయటపెట్టలేదు, టీ అంగడి దగ్గర చూసినవాళ్ళనూ చెప్పనివ్వలేదు. సంతలో కనబడితే, "బాగుండావా పాపా?" అంటుంది, అంతే. ఆమె ముఖం నేను చూడలేను.

అన్నా, నాయన తద్దినం నాడు పంక్తిలో నువ్వు ఆయన్ను, "ఏం బావా, ఉలవలు బాగా ఏగినాయా?" అన్నావు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నేను పచ్చడి వడ్డిస్తున్నాను. గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను. నీ మీద కోపం ఉంది. నా మీద అంతకంటే ఎక్కువ.

6. కావున, గురువారం నన్ను లోపలికి తీసుకుపోయిన వెంటనే నువ్వు ధర్మవరం బస్సెక్కాలి. నేను బతుకుతానా లేదా అని కాచుకోవద్దు. కూలి పోతుందని ఆసుపత్రికి నేనే రావద్దన్న నా భర్తను మిల్లు నుంచి పిలుచుకుని రామదాసు గారి అంగడికి పోయి, నాలుగు, అయిదు అంశాలు పైకి చదవాలి. నమ్మకపోతే, పసుపు డబ్బాలో కారు తాళంచెవి ఉంది. ఆ రోజు నా చేతిలోనే ఉండిపోయింది. అది రామదాసు గారికి ఇవ్వాలి. మళ్ళీ పని ఇస్తారో ఇవ్వరో ఆయన ఇష్టం. ఆ తప్పు వెంకటేశులుది కాదని ఆయన నోటితో ఒక్కసారి అంటే చాలు.

7. చదివిన తర్వాత నాలుగు, అయిదు అంశాలున్న కాగితాలు కాల్చెయ్యి. చౌడేశ్వరి కంట పడకూడదు. అంతకుముందు మాత్రం కాల్చొద్దు. ఒకవేళ నువ్వు చదవకముందే నాకు తెలివొచ్చి, కాల్చెయ్యన్నా అని నీ చేతులు పట్టుకుని ఏడ్చినా సరే, వినొద్దు. నా సంగతి నాకు తెలుసు. తప్పకుండా ఏడుస్తాను.

ధర్మవరం, 18 నవంబరు 1984.

(సంతకం) యశోదమ్మ

సాక్షులు, నేను సంతకం చేస్తుండగా చూసినవారు, లోపల ఏముందో చదవనివారు:
పక్కింటి కదిరప్ప (సంతకం)
ఎదురింటి తిప్పమ్మ (వేలిముద్ర)