లాండ్రీలో అక్వేరియం

జూన్ 4

అత్త ఇక చేతులు నీళ్లలో పెట్టకూడదట. స్కిన్ డాక్టర్ తేల్చి చెప్పేసింది. సబ్బు, సోడా, బ్లీచ్, ఏదీ ముట్టుకోవద్దంది. అరచేతులు పగిలి, పగుళ్లలో నెత్తురు కనిపిస్తోంది.

ఈ లాండ్రీ ఆ చేతులతోనే మొదలైంది. మెషిన్లు వచ్చాక కూడా మరకల బల్ల ఆవిడదే. కాఫీ, సిరా, తుప్పు, ఏ మరకా ఆవిడ ముందు బతికి బట్టకట్టలేదు. చంద్రుడిలో మచ్చ చూపిస్తే, అదీ పట్రా నానబెడదాం అనే రకం.

ఇప్పుడు షాపు వెనక గదిలో కుర్చీ గోడకేసి తిప్పుకుని కూర్చుంది. అన్నం కెలికి వదిలేసింది. అమ్మకి ఇన్నాళ్లకి విశ్రాంతి దొరికిందిలే అంటాడు మా ఆయన. కన్నతల్లి సంగతి ఇంత తెలియదా ఈ మనిషికి! విశ్రాంతి ఆవిడకి పడదు. నాకు భయంగా ఉంది.

జూన్ 9

ఇంకా గోడే. మందులా నాలుగు మెతుకులు మింగుతోంది. చీర కుచ్చిళ్లు కూడా సరిగ్గా పెట్టుకోవడం లేదు. అత్తేనా ఈవిడ?

జూన్ 13

డాక్టర్ దగ్గర వెయిటింగ్ రూమ్‌లో పెద్ద అక్వేరియం ఉంది. పేరు పిలిచినా అత్త లేవలేదు. దాన్నే చూస్తూ ఉండిపోయింది. అది గుర్తొచ్చి ఇవాళ చేపల షాపుకి వెళ్లాను.

షాపావిడ మెడలో కళ్లజోడు వేలాడుతూ ఉంటుంది, మాట కాస్త పెళుసు. గోల్డ్‌ఫిష్ చూపించి అవి ఇవ్వండి అన్నాను. ఇవ్వనంది. చెయ్యంత పెరుగుతాయట, మొక్కలు నమిలేస్తాయట, నీళ్లు ఊరికే పాడు చేస్తాయట. సరే, ఆ నీలం ఎరుపు మెరుపులవో? నియాన్ టెట్రాలు కొత్త తొట్టిలో తట్టుకోలేవంది. ఆ తోకల సింగారం? ఫైటర్, దానికి తోడు గిట్టదు, ఒక్కటే ఉండాలంది. అసలు మీరు ఏదైనా అమ్ముతారా అని అడిగేశాను. నవ్వింది. ఇవాళ మొక్కలే అమ్ముతానంది.

విషయం ఇదట. చేపల మలమూత్రాలు నీళ్లలో విషమవుతాయి. ఆ విషాన్ని తినే సూక్ష్మజీవులు ఫిల్టర్‌లోని స్పాంజిలో పుట్టి పెరగాలి. దానికి వారాలు పడుతుంది. మొక్కలు కూడా ఆ విషాన్నే తాగి పెరుగుతాయి. అందుకని ముందు మొక్కలు, తరవాత చేపలు.

విషం తాగి పచ్చగా ఉంటాయట! ఇంటికొచ్చేదాకా అదే ఆలోచన.

జూన్ 14

తొట్టి వెనక గదిలో, అత్త పక్కనే కిటికీ దగ్గర పెట్టేశాం. రిబ్బన్లలాంటి వాలిస్నేరియాని గులకరాళ్లలో నాటాను. జావా ఫెర్న్‌ని మాత్రం నాటకూడదు, దాని దుంప పూడ్చితే కుళ్లిపోతుంది, రాయికి కట్టాలి. బట్టలకి ట్యాగులు కట్టే దారంతోనే కట్టాను.

గడ్డి పెంచడానికి ఇంత హంగామానా అన్నాడు మా ఆయన. అత్త తల కూడా తిప్పలేదు.

జూన్ 22

ఆకులు కుళ్లిపోతున్నాయి. అమ్మినావిడని వదిలేసి నామీద ఏడుస్తున్నాయి.

జూన్ 23

షాపావిడకి ఫోన్ చేశాను. చోటు మారాయి కదా, పాత ఆకులు రాలుస్తాయి, మొదట్లోంచి కొత్తవి వస్తాయి, ఓపిక పట్టమంది. మా ఇంట్లో ఓపిక ఎవరికుంది?

జూలై 1, మధ్యాహ్నం

అత్త కుర్చీ తిప్పింది!

నన్ను తిట్టడానికి. అద్దానికి పాచి పట్టింది, లాండ్రీ పెట్టుకున్నవాళ్ల ఇంట్లో ఇదేం దరిద్రమే అంది. గుడ్డ తెస్తుంటే ఉండు అంది. కిటికీలోంచి ఎండ నేరుగా తొట్టిలోకి పడుతోంది. వాలిస్నేరియా కొత్త ఆకుల మీద వెండి చుక్కలు. చిన్న చిన్న బుడగలు. ఆకు అంచున ఉబ్బి, కాసేపు పట్టుకుని ఉండి, వదిలేసి పైకి పోతున్నాయి. ఒకదాని వెనక ఒకటి.

సబ్బేసి కడిగావా అని అత్త గద్దించింది. ఒట్టు, లేదన్నాను. ఫోన్ చేసి అడిగితే అది మొక్క వదిలే ఊపిరి అట. ఆక్సిజన్.

ఊపిరి కళ్లకి కనబడుతుందని నాకు ఇంతవరకూ తెలియదు. జీవితమంతా నురగలో చేతులు పెట్టిన మనుషులం ఇద్దరమూ, బుడగల్ని ఇలా నోరు తెరుచుకుని చూడలేదు. అత్త రొప్పుతున్నదానిలా నోటితో గాలి పీల్చుకుంది. తన కంచం అక్కడికే పట్రమ్మంది. శుభ్రంగా తినేసింది.

జూలై 19

చేపలొచ్చాయి! ఆరు జీబ్రా డానియోలు. నీలి చారలు, గోరంత పొడుగు, గట్టి పిండాలు. గుంపుగా ఉంటేనే ధైర్యమట వాటికి. అత్తని వెంటబెట్టుకుని వెళ్లాను. కాలర్లు తిరగేసి చూసినట్టు ఒక్కొక్కదాని తోకా రెక్కా చూసి ఎంచింది. మూల నక్కి ఉన్నదాన్ని వద్దంది. షాపావిడ మీకు కన్నుందండీ అంది. అత్త దారంతా ఆ మాటే నెమరేసింది.

అన్నిటికీ ముందు ఉరుకుతూ తిరిగే చేపకి సూపర్‌వైజర్ అని పేరు పెట్టింది. పొద్దున్నే సూపర్‌వైజర్ వచ్చాడా అంటూ కుర్చీ ముందుకి లాక్కుంటోంది.

ఆగస్టు 2

కొంప మునిగింది.

నేను డెలివరీకి వెళ్లిన టైమ్‌లో అత్త స్పాంజి చూసింది. మట్టిరంగు, జిగురు. ఆవిడ ఊరుకుంటుందా? డాక్టర్ మాట తప్పకుండా రబ్బరు గ్లవ్స్ వేసుకుంది. ఫిల్టర్ విప్పి, స్పాంజి తీసి, వేడినీళ్లలో బ్లీచ్ వేసి నానబెట్టింది. కొత్తదానిలా తెల్లగా చేసి తిరిగి పెట్టింది. నేను రాగానే ఎంత మురికే తల్లీ, ఇప్పుడు చూడు అని చూపించింది. రెండు నెలల తరవాత ఆవిడ ముఖంలో గర్వం. ఆ సూక్ష్మజీవులన్నీ చచ్చాయని ఎలా చెప్పను? చెప్పలేకపోయాను.

ఆగస్టు 4

చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. చెప్పక తప్పలేదు.

ఆగస్టు 5

రెండు పోయాయి. వాటిలో ఒకటి సూపర్‌వైజర్.

అత్త ఏడవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంది. ఈ చేతులకి కడగడం ఒక్కటే వచ్చు, అది కూడా పనికిరాకుండా పోయింది అంది. కుర్చీ గోడకేసి తిప్పేసుకుంది. కంచం ముట్టలేదు. రాత్రి కూడా.

నాకు నామీదే ఒళ్లు మండుతోంది. నోరు మూసుకుని కూర్చున్నానే!

ఆగస్టు 6

షాపు తెరవగానే వాలాను. షాపావిడ తిట్టలేదు. మేత ఆపండి, రోజూ కొంచెం నీళ్లు మార్చండి, క్లోరిన్ విరిచే చుక్కలు మర్చిపోకండి అంది. మొక్కలు బాగా పట్టుకున్నాయి కనుక చేపలకి ఆశ ఉందట. తన పాత తొట్టి ఫిల్టర్‌లోంచి ఒక స్పాంజి ముక్క కోసి ఇచ్చింది. నల్లగా, జారుడుగా, బురదవాసన. ఎండనివ్వకండి, కడిగారో మళ్లీ మీ మొహం చూడను అంది.

ఆ మురికిని ప్రసాదంలా రెండు చేతుల్లో పట్టుకుని ఇస్త్రీ బట్టల మధ్య నుంచి నడిచాను. ఒక కస్టమర్ తన తెల్లచొక్కా గబుక్కున వెనక్కి లాక్కున్నాడు. ఎంత పొగరుగా నడిచానో!

అత్త పక్కన నిలబడి చెప్పాను. ఇందులో కంటికి కనబడనివి కోట్లున్నాయత్తా, ప్రాణాలు నిలబెట్టేవి ఇవేనట అని. కుర్చీ తిప్పలేదు. కానీ నేను ఫిల్టర్ మూత బిగించేటప్పుడు ఓరగా చూసింది. నేను చూడలేదనుకుంటోంది.

ఆగస్టు 10

నాలుగూ కిందికి దిగి తిరుగుతున్నాయి. అత్త మజ్జిగన్నం తింది, గోడని చూస్తూనే.

ఆగస్టు 21

జావా ఫెర్న్ ఆకు వెనక నల్లటి చుక్కలు. వరసగా, తుప్పు మరకల్లా. ఇది కూడా పోతోందా! కత్తెర తీసుకున్నాను.

ఏం కోస్తున్నావే అని వెనక నుంచి అత్త. కుర్చీలోంచి లేచొచ్చింది! ముక్కు అద్దానికి ఆనించి చూసింది. మరకంటే ఇన్నేళ్లూ ఆవిడ మాటే చెల్లింది. ఇది మరక కాదేమో, ముందు షాపావిడని అడుగు అంది. అత్త నోట ఏమో అనే మాట వినడం ఇదే మొదలు.

ఫోన్ చేశాం. ముట్టుకోవద్దు, చూస్తూ ఉండండి అంది. అంతకుమించి ఏమీ చెప్పలేదు, కావాలనే.

సెప్టెంబర్ 1

అత్త భూతద్దం కొనిపించింది. మా ఆయన్ని తొట్టి ముందు నిలబెట్టి చూపిస్తోంది. ఆయనా నోరెళ్లబెట్టాడు. గడ్డి అన్న మనిషి!

సెప్టెంబర్ 12, పొద్దున్న

ఆ నల్లచుక్కల్లోంచి ఆకులొచ్చాయి. అగ్గిపుల్ల తలంత ఆకులు, దారపు పోగుల్లాంటి వేళ్లు. నేల లేదు, విత్తనం లేదు, ఆకు మీదే బుల్లి మొక్కలు. ఒకదానిలోంచి ఇప్పుడే ఒక బుడగ పైకి పోయింది.

షాపు బయట కస్టమర్లు షట్టర్ కొడుతున్నారు. ముప్పై ఏళ్లలో ఈ షట్టర్ ఒక్కరోజు కూడా ఆలస్యంగా లేవలేదు. లేవబోయాను. అత్త పగిలిన చేత్తో నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది.

ఉండనీవే, ఇంకోటి ఊపిరి తీసుకుంటోంది అంది.