మటన్ గిన్నె ముట్టకు

సారయ్యా, నీ పెండ్లాం యశోదను తోలుకొని ఖమ్మం దవాఖానకు పోతున్న. పొద్దుగూకక ముందే కోళ్లను గంప కింద కమ్ము. ఫ్రిజ్‌ల మటన్ గిన్నె ముట్టకు.

పోయిన వారం డాక్టరమ్మ చెప్పింది నువ్వు సగమే విన్నవు. నా రక్త క్యాన్సర్‌కు ముందు మందులు ఎక్కిస్తరు. వాటికి తగ్గకపోతేనే తోడబుట్టినోళ్ల మూలుగ ఎక్కిస్తరు. నీది నాకు కలుస్తదో లేదో నీ రక్తం చూసి చెప్తరు. మటన్ బొక్కలు చీకితే కలవదు. అప్పటి సంది కూరల ఒక్క మూలుగ బొక్క నాకు దక్కలే. అడిగితే "నీ కోసమే తింటున్న అక్కా" అంటవు.

అక్క

సూది చూస్తే కండ్లు తిరిగేటోడివి, రేపే రక్తమిస్తనని డాక్టరమ్మకు ఫోన్ చేసినవట. యశోద ఇప్పుడే చెప్పింది. పెద్ద బొక్క పెరుగు గిన్నె వెనక దాచిన. నా కోసమే తిను.